గొల్లుమన్నారా, ఫక్కుమన్నారా: నవ్వు రాయడంలో అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీషు కాపీని తెలుగులోకి దించడం, వేరేవాళ్ళు రాసింది దిద్దడం, పదేళ్ళు దాటింది ఈ పనిలో. మొదట న్యూస్‌పేపర్ డెస్కు, ఇప్పుడు ఎక్కువగా సబ్‌టైటిల్స్. ఏడుపు సీను వస్తే టకటకా అయిపోతుందండి, నవ్వు సీను వస్తేనే చెయ్యి ఆగిపోతుంది. ముఖ్యంగా హాలంతా ఊగిపోయే నవ్వు. కొత్తగా చేరినవాళ్ళు దాని మీద అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: ఇంగ్లీషు అప్రోరియస్ (గోలగోలగా నవ్వించేది), హిలేరియస్ (తెగ నవ్వొచ్చేది) లాంటి మాట తెలుగులో లేదు, మన భాషలో ఆ లోటుంది.

వాస్తవం: అచ్చంగా అలాంటి విశేషణం లేదు, ఒప్పుకుంటా. కానీ మనం ఆ పని విశేషణంతో చేయించుకోం కదా, నవ్వు ముందు ఒక చప్పుడు మాట పెడతాం. ఫక్కున, కిసుక్కున, పకపక, కిలకిల, గొల్లున. వీటిల్లో ఎంతమంది నవ్వారు, ఎంతసేపు నవ్వారు, ఎలాంటివాళ్ళు నవ్వారు అన్నీ ముందే కూర్చుని ఉంటాయి. ఫక్కున అంటే ఒక్కసారిగా బయటపడ్డ నవ్వు, మామూలుగా ఒక్కరిదే. కిసుక్కున అంటే పళ్ళ బిగువున ఆపుకుంటుంటే జారిపోయింది, చివరి బెంచీ నవ్వు. రెండుసార్లు వచ్చే పకపక, కిలకిల లాంటివి కాసేపు సాగుతాయి, అందులో కిలకిల పిల్లలకీ ఆడపిల్లలకీ పిట్టలకీ సరిపోతుంది, మీసాలున్న పెద్దాయన చేత కిలకిలా నవ్విస్తే ఆయన్ని ఆటపట్టిస్తున్నట్టే. గొల్లున అనేది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, గుంపు ఉండాల్సిందే.

మొన్నామధ్య ఒక పెళ్ళిలో పంతులుగారి కాలర్ మైకు ఆన్‌లోనే ఉండిపోయింది, ఆయన పక్కకెళ్ళి ఇంటికి ఫోన్ చేసి "మగపెళ్ళివారు దక్షిణ దగ్గర గట్టివాళ్ళేనే, నేను వచ్చేసరికి లేటవుతుంది, గ్యాస్ కట్టేసి పడుకో" అన్నారు, స్పీకర్లన్నిట్లోంచీ. మండపం గొల్లుమంది. ఇక్కడ "చాలా హాస్యభరితమైన సంఘటన జరిగింది" అని మొదలుపెట్టి చూడండి, పంతులుగారు నోరు తెరవకముందే సీను చచ్చిపోతుంది.

ఒక్క జాగ్రత్త, గొల్లుమనడం ఏడుపుకీ వాడతాం. శవం వచ్చినప్పుడూ ఇల్లు గొల్లుమంటుంది. ముందు వాక్యంలో ఏం జరిగిందో చెప్పకుండా "అందరూ గొల్లుమన్నారు" అని మొదలుపెడితే చదివేవాడు తువ్వాలు వెతుక్కుంటాడు.

అన్నట్టు అప్రోరియస్‌కి మూలమైన ఇంగ్లీషు అప్రోర్‌లో మీకు వినిపించే రోర్‌కీ గర్జనకీ మొదట్లో సంబంధం లేదు. అది డచ్చి మాట నుంచి వచ్చింది, అసలు అర్థం తిరుగుబాటు, కలకలం. వినడానికి గర్జనలా ఉండేసరికి జనమే చప్పుడు అర్థం తగిలించారు. ఇంగ్లీషువాళ్ళకీ చివరికి పనికొచ్చింది చప్పుడే.

అపోహ: హిలేరియస్ అంటే హాస్యాస్పదం.

వాస్తవం: దయచేసి వద్దు. హాస్యాస్పదం అంటే నవ్వులపాలయ్యేది, వెటకారానికి తగినది. "మంత్రిగారి వాదన హాస్యాస్పదం" అంటే మంత్రిగారు జోకులేశారని ఎవరూ అనుకోరు కదా. డెస్కులో కొత్తలో ఒక స్కూలు వార్షికోత్సవం వార్త నా చేతి మీదుగా వెళ్ళింది, "విద్యార్థుల హాస్యాస్పదమైన నాటిక అందరినీ అలరించింది" అని. తప్పు నాదే, చూసి కూడా వదిలేశా. మర్నాడు ఆ నాటిక రాసిన మాస్టారు ఫోన్ చేసి, చాలా మర్యాదగా, "ఏం బాబూ, అంత ఘోరంగా ఉందా?" అన్నారు. ఇప్పటికీ ఆ మాట కనిపిస్తే ముందు ఆయన గొంతే వినిపిస్తుంది. నవ్వించే నాటిక అంటే సరిపోయేది.

అపోహ: పెద్ద నవ్వు కాబట్టి అట్టహాసం అనొచ్చు.

వాస్తవం: నిఘంటువు ప్రకారం అనొచ్చు, సంస్కృతంలో అట్టహాసమంటే పెద్ద నవ్వే. ఊళ్ళో మాత్రం ఆ మాట ఎప్పుడో చెయ్యి జారిపోయింది. అభ్యర్థి అట్టహాసంగా నామినేషన్ వేస్తాడు, షోరూం అట్టహాసంగా ఓపెన్ అవుతుంది, నవ్వు పోయి ఆర్భాటం మిగిలింది. నవ్వు అర్థం బతికున్నది వికటాట్టహాసంలో, అది రాక్షసులకీ పాత సినిమా విలన్లకీ రాసిచ్చేశాం. "మా బాబాయి అట్టహాసం చేశాడు" అని రాస్తే బాబాయి గద పట్టుకున్నట్టుంటుంది.

అపోహ: రచ్చ, లొల్లి, గోల లాంటివి స్లాంగ్, రాతలోకి రాకూడదు.

వాస్తవం: రచ్చ ఏమీ నిన్న పుట్టింది కాదు. రచ్చబండ మీద ఊరు కూర్చునేది, "ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నప్పుడు రచ్చ అంటే నలుగురూ ఉండే చోటు. నలుగురున్న చోట గొడవ లేకుండా ఎలా ఉంటుంది, అలా అలా గొడవకీ, ఇప్పుడు "నిన్న నైట్ రచ్చ రచ్చ చేశాం"లో అల్లరి సందడికీ వచ్చింది. నన్నడిగితే గోలగోలగా నవ్విన రాత్రికి ఇంతకన్నా దగ్గరి మాట లేదు. తెలంగాణ వైపు ఫ్రెండ్స్ అయితే "లొల్లి లొల్లి చేసినం, ఒకటే నవ్వుడు" అంటారు, ఆ "ఒకటే"లో ఉన్న బలం చూడండి, ఆగలేదు అని వేరే చెప్పక్కర్లేదు. ఆ మనిషి నోట్లో ఆ మాటే ఉంచండి, "విపరీతంగా నవ్వుకున్నాము" అని ఇస్త్రీ చేయకండి. ప్రభుత్వ ప్రకటనలో రాయమనట్లేదు, వాట్సాప్ గ్రూపులో ట్రిప్పు కబుర్లకీ, కాలేజీ రీయూనియన్ పోస్టుకీ ఇది చాలు.

అపోహ: ఎంత పెద్ద మాట వేస్తే అంత నవ్వొస్తుంది.

వాస్తవం: ఇది అన్నిట్లోకీ మొండిది. కడుపుబ్బ, పొట్ట చెక్కలయ్యేలా, పడీపడీ, మూడూ మంచి మాటలే, కానీ సినిమా పోస్టర్లు వాటిని ఎంత రుద్దాయంటే కడుపుబ్బ అని చదివినప్పుడు ఎవరికీ కడుపు గుర్తు రాదు. నాట్యశాస్త్రంలో భరతుడు నవ్వుని ఆరు రకాలు చేశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములకి, మధ్య రెండూ మధ్యములకి, చివరివి అధములకి (మా ఇంట్లో అందరం చివరి బ్యాచే). నాకు పనికొచ్చింది ఆ వర్గాలు కాదు, ఆయన వాటిని చెప్పిన పద్ధతి. చిరునవ్వులో పళ్ళు కనబడవు, అపహసితంలో కళ్ళలో నీళ్ళొస్తాయి, భుజాలూ తలా కదులుతాయి, అతిహసితంలో చేతులతో పక్కలు పట్టుకుంటారు. నటుడికి చెప్తున్నాడు కాబట్టి ఒళ్ళు ఏం చేస్తుందో చెప్పాడు. మన రాతకీ అదే కావాలి. "అత్తయ్య నోట్లో కాఫీ మామయ్య చొక్కా మీదకొచ్చింది" అన్నాక ఇంకే మాటా వేయక్కర్లేదు, వేస్తే కాఫీ చల్లారిపోతుంది.

అపోహ: నవ్వే ఎమోజీలు నాలుగు పెడితే సరి.

వాస్తవం: చాట్‌లో పెట్టుకోండి, నేనూ పెడతా. సబ్‌టైటిల్‌లో మాత్రం ఆ దారి లేదు, రెండు లైన్లే చోటు, క్షణాల్లో పోతుంది, అప్పుడు గొల్లున అనే మూడక్షరాలే నన్ను గట్టెక్కిస్తాయి.

ఇంకోటి మర్చిపోయా, ఇకిలించడం, సకిలించడం. రెండోది గుర్రం పని, మొదటిది మనకి గిట్టనివాళ్ళు నవ్వే నవ్వు. మొన్న ఒక పుట్టినరోజు పోస్టులో "మా ఆయన ఇకిలిస్తున్న ఫొటో" అని చూశా. తప్పేమో అని దిద్దబోయి, కింద కామెంట్లు చదివి వదిలేశా, ఆవిడ తెలిసే రాసింది.