నిక్సన్ 1962లోనే రాజకీయాలు మానేసి ఉంటే? అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు అమెరికా రాజకీయ చరిత్ర చెబుతుంటాను. పాఠం వాటర్‌గేట్ (ప్రత్యర్థి పార్టీ ఆఫీసులో దొంగచాటు చొరబాటు, దాన్ని కప్పిపుచ్చడం వల్ల అధ్యక్షుడు నిక్సన్ 1974లో రాజీనామా చేసిన కుంభకోణం) దగ్గరికి రాగానే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, 1962లో అన్న మాట ప్రకారం నిక్సన్ తప్పుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా?" నిజమే, ఉండేది కాదు. కానీ జవాబు అక్కడితో ఆపితే అసలు సంగతి జారిపోతుంది. ఒక నాయకుడు తప్పుకుంటే ఆయన చేయిపట్టి పైకి తెచ్చినవాళ్ల లెక్క మారుతుంది, ఆయన దారికి అడ్డుపడి ఆపినవాళ్ల లెక్కా మారుతుంది. తరచూ వినిపించే అపోహలన్నీ ఈ రెండో లెక్క వేయకపోవడం వల్ల వచ్చినవే.

అపోహ: నిక్సన్ నిజంగానే తప్పుకున్నాడు, 1968లో అదృష్టం కలిసొచ్చి తిరిగొచ్చాడు.

వాస్తవం: 1960 అధ్యక్ష ఎన్నికల్లో కెనడీ చేతిలో అతి స్వల్ప తేడాతో ఓడిన నిక్సన్, రెండేళ్లకు సొంత రాష్ట్రం కాలిఫోర్నియాలో గవర్నర్ పదవికి నిలబడి ప్యాట్ బ్రౌన్ చేతిలో దాదాపు 3 లక్షల ఓట్ల తేడాతో ఓడాడు. నవంబర్ 7 పొద్దున బెవర్లీ హిల్టన్ హోటల్లో ప్రెస్ సెక్రటరీ హెర్బ్ క్లైన్ విలేకరులతో మాట్లాడుతుండగా నిక్సన్ హఠాత్తుగా వచ్చి మైకు అందుకున్నాడు. పావుగంటసేపు పత్రికలవాళ్ల మీద కోపమంతా వెళ్లగక్కాడు. ఇక మీరు తన్నడానికి నిక్సన్ దొరకడు, ఇదే నా చివరి ప్రెస్ మీట్ అన్నాడు. నాలుగు రోజులకే ఏబీసీ టీవీ ఆయనకు రాజకీయ సంతాప కార్యక్రమం కూడా వేసేసింది.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1963లో న్యూయార్క్ వెళ్లి పెద్ద లా ఫర్మ్‌లో చేరాడు. 1964లో న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెల్లర్ లాంటి రిపబ్లికన్లు తమ పార్టీ అధ్యక్ష అభ్యర్థి, సంప్రదాయవాది గోల్డ్‌వాటర్‌కు దూరంగా ఉంటే, ఓడిపోతాడని తెలిసీ నిక్సన్ ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. సంప్రదాయవాదులు ఆ మేలు మర్చిపోలేదు. 1966 మధ్యంతర ఎన్నికల్లోనూ అభ్యర్థుల కోసం దేశమంతా తిరిగాడు. ఆ ఏడాది రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 47 సీట్లు పెంచుకున్నారు. గెలిచినవాళ్లలో చాలామంది ఆయనకు రుణపడ్డారు. అంటే ఆయన కొన్నాళ్లు మానేసింది పోటీ చేయడం మాత్రమే. దీన్ని అదృష్టం అనడం ఆ ఆరేళ్ల చాకిరీని లెక్కలోకి తీసుకోకపోవడమే.

అపోహ: నిక్సన్ లేకపోతే 1968లో డెమోక్రాట్లే గెలిచేవారు.

వాస్తవం: ఇది అంత తేలిగ్గా చెప్పే మాట కాదు. 1964లో డెమోక్రాట్ జాన్సన్‌కు 61 శాతం ఓట్లు వస్తే, 1968లో ఆ పార్టీ అభ్యర్థి హంఫ్రీకి వచ్చినవి 42.7 శాతం. నిక్సన్‌కు 43.4, మూడో పార్టీ అభ్యర్థి జార్జ్ వాలెస్‌కు 13.5. వియత్నాం యుద్ధం, నగరాల్లో అల్లర్లు కలిసి అధికార పార్టీని ముంచేశాయి. రిపబ్లికన్ల తరఫున ఎవరు నిలబడినా ఆ గాలి వాళ్లవైపే.

మరి ఎవరు నిలబడేవారు? నాకు అన్నిటికంటే ఆసక్తికరమైన ప్రశ్న ఇదే. అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ పార్టీ మయామీ బీచ్ సమావేశంలో మొదటి రౌండ్‌లో నిక్సన్‌కు 692 ఓట్లు, రాక్‌ఫెల్లర్‌కు 277, రీగన్‌కు 182. అభ్యర్థిత్వానికి కావలసినవి 667. దక్షిణాది ప్రతినిధుల్లో చాలామంది మనసు రీగన్ మీదే ఉంది. వాళ్లను పట్టి నిక్సన్ వైపు నిలబెట్టింది సౌత్ కరోలైనా సెనేటర్ స్ట్రోమ్ థర్మండ్. నిక్సన్ బరిలోనే లేకపోతే ఆ ఓట్లు ఉదారవాది రాక్‌ఫెల్లర్‌కు పడే ప్రసక్తే లేదు. కాలిఫోర్నియా గవర్నరై రెండేళ్లయినా నిండని రీగన్‌కు టికెట్ దక్కే అవకాశమే ఎక్కువని నా అంచనా. ఆయన గెలిచేవాడని మాత్రం అనను. గోల్డ్‌వాటర్‌లా ఓడి ఉంటే 1980లో అధ్యక్షుడిగా గెలిచిన రీగన్ కూడా ఉండేవాడు కాదు.

అపోహ: 1968లో డెమోక్రటిక్ పార్టీ న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్) ఓడిపోయి అధ్యక్షుడు జాన్సన్ మళ్లీ పోటీ చేయకుండా తప్పుకున్నాడు.

వాస్తవం: ఓడలేదు. బ్యాలెట్ మీద పేరు లేకుండానే దాదాపు 49 శాతం తెచ్చుకున్నాడు, ఆయనకు పోటీగా నిలిచిన సెనేటర్ మెకార్తీకి వచ్చింది 42. అయితే అధ్యక్షుడికి అంత దగ్గరగా రావడమే దెబ్బ. 1955లోనే గుండెపోటు వచ్చిన మనిషి, ఆరోగ్యం టెన్షన్ కూడా ఉంది.

అపోహ: నిక్సన్ లేకపోతే వాటర్‌గేట్ ఉండదు, మిగతాదంతా అలాగే ఉండేది.

వాస్తవం: నిక్సన్ తర్వాత అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్‌ను తీసుకోండి. మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ ప్రాంత ఓటర్లు తప్ప ఇంకెవరూ ఆయనకు ఓటేసి గెలిపించలేదు. స్పీకర్ కావాలన్నది ఆయన ఆశ. అది తీరే దారి కనపడక, 1974లో ఇంకొక్కసారి పోటీచేసి ఆ టర్మ్ అయ్యాక మానేస్తానని భార్య బెట్టీకి మాటిచ్చాడు. ఈలోపు నిక్సన్ ఎంచుకున్న ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ అవినీతి కేసులో చిక్కి 1973 అక్టోబర్‌లో రాజీనామా చేశాడు. ఖాళీ అయిన ఉపాధ్యక్ష పదవిని భర్తీ చేసే వీలిచ్చే రాజ్యాంగ 25వ సవరణ కింద ఆ ఖాళీలోకి ఫోర్డ్ వచ్చాడు, 1974 ఆగస్టు 9న అధ్యక్షుడయ్యాడు. నిక్సన్ 1962లో ఆగిపోయి ఉంటే ఫోర్డ్ కాంగ్రెస్ సభ్యుడిగానే రిటైరయ్యేవాడు. నిక్సన్‌కు ఫోర్డ్ ఇచ్చిన క్షమాభిక్ష, జనం అపనమ్మకం లేకపోతే జార్జియా మాజీ గవర్నర్ కార్టర్‌ను 1976లో అధ్యక్షుడిగా ఎన్నుకునేంతగా దేశం పట్టించుకునేదా?

ఇంకా ఉంది. 1970లో సెనేట్‌కు ఓడిన, తర్వాత అధ్యక్షుడైన సీనియర్ బుష్‌ను ఐక్యరాజ్యసమితికి రాయబారిగా పంపింది నిక్సనే. తర్వాత రక్షణ మంత్రి అయిన రమ్స్‌ఫెల్డ్‌ను ప్రభుత్వంలోకి తెచ్చిందీ ఆయనే, రమ్స్‌ఫెల్డ్ వెంట వచ్చినవాడు తర్వాత ఉపాధ్యక్షుడైన డిక్ చేనీ. సుప్రీంకోర్టుకు ఆయన ఎంచుకున్న జడ్జీలు బర్గర్, బ్లాక్‌మన్, పావెల్, రెన్‌క్విస్ట్. అందులో బ్లాక్‌మన్ 1973 గర్భస్రావ హక్కు తీర్పు రాశాడు, రెన్‌క్విస్ట్ దాన్ని వ్యతిరేకించాడు.

అపోహ: చైనాతో తలుపులు తెరవడం నిక్సన్‌కే సాధ్యమయ్యేది.

వాస్తవం: 1969లో చైనా, సోవియట్ సైన్యాలు సరిహద్దులో కొట్టుకున్నాయి. ఎవరు అధ్యక్షుడైనా బీజింగ్‌కు అమెరికా అవసరం పడేది. పైగా ఆ పని నడిపిన నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ మొదట రాక్‌ఫెల్లర్ సలహాదారు.

మారి ఉండేది దారి. దాంతో మనకూ సంబంధం ఉంది. కిసింజర్ 1971 జూలైలో పాకిస్తాన్ మీదుగా రహస్యంగా చైనా వెళ్లాడు. ఆ మధ్యవర్తిత్వం కోసమే పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్‌ను నొప్పించకూడదనుకున్నారు. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో అమెరికన్ కాన్సుల్ జనరల్ (దౌత్య కార్యాలయ అధిపతి) ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్‌లోనే అక్కడ పాక్ సైన్యం సాగిస్తున్న హత్యాకాండ గురించి నిరసన టెలిగ్రాం పంపితే ఆయన్ను ఆ పదవి నుంచి తప్పించారు. డిసెంబర్‌లో భారత్-పాక్ యుద్ధంలో విశాఖ తీరంలో పాక్ జలాంతర్గామి ఘాజీ మునిగిన కొద్ది రోజులకే అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతం వైపు బయల్దేరింది. చైనాతో మాటలు కలపడానికి పాకిస్తాన్ ఒక్కటే దిక్కు కాదు. నిక్సన్ వాళ్లే రుమేనియా ద్వారా కూడా కబుర్లు పంపారు. ఇంకొక అధ్యక్షుడు ఆ దారే నమ్ముకుని ఉంటే ఢాకా విషయంలో నోరు మూసుకోవాల్సిన అవసరం అమెరికాకు ఉండేది కాదు.