మైలేజీలో దాగిన వైశాల్యం

“అడుగులను మీటర్లలోకీ, పౌండ్లను కిలోగ్రాములలోకీ మార్చడానికి ఒక్క గుణకారం చాలు కదా, దానికి ప్రత్యేకంగా ఒక కంప్యూటరు ప్రోగ్రాము ఎందుకు?” అని ఒక పాఠకురాలు అడిగారు. ప్రశ్న సమంజసమైనదే, ప్రోగ్రాము చేసే పని గుణకారమే అయితే గోడకు అంటించుకున్న పట్టిక ఒకటి సరిపోతుంది. కాని యునిక్స్ అనే కంప్యూటరు నిర్వహణ వ్యవస్థ తొలినాళ్ల నుంచి వాడుకలో ఉన్న ‘యూనిట్స్’ అనే చిన్న ప్రోగ్రామును గాని, ఆ తరువాత వచ్చి నేటికీ ఉచితంగా దొరుకుతున్న ‘గ్నూ యూనిట్స్’ను గాని కొంతకాలం వాడినవారికి తెలిసివచ్చే సంగతి ఏమిటంటే, అది గుణకారానికి ముందు మరొక పని చేస్తుంది. నా దృష్టిలో అదే అసలు పని. సంఖ్య దాని వెంట వచ్చే ఫలితం మాత్రమే.

ప్రోగ్రాము అడిగేవి రెండే ప్రశ్నలు: మీ దగ్గర ఏముంది, మీకు ఏం కావాలి. మొదటి ప్రశ్నకు ‘పద్నాలుగు రోజులకు ఒక ఫర్లాంగు’ అనీ, రెండవదానికి ‘సెకనుకు ఒక మీటరు’ అనీ జవాబిచ్చామనుకుందాం. అది రెండు పంక్తులలో సమాధానం చెబుతుంది: గుణించవలసిన సంఖ్య 0.00016630952, భాగించవలసిన సంఖ్య 6012.8848. ఇటువంటి వింత వేగాన్ని ఏ పట్టికలోనూ ఎవరూ రాసిపెట్టి ఉండరు. మరి ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రోగ్రాముతో పాటు, ఎవరైనా తెరిచి చదువుకోగలిగిన నిర్వచనాల ఫైలు ఒకటి ఉంటుంది. అందులో ఒక్కొక్క ప్రమాణానికి ఒక్కొక్క నిర్వచనం మాత్రమే ఉంటుంది. ఫర్లాంగు అంటే మైలులో ఎనిమిదో వంతు, మైలు అంటే 5280 అడుగులు, అడుగు అంటే 12 అంగుళాలు, అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లు, సెంటీమీటరు అంటే మీటరులో నూరో వంతు. మీటరు దగ్గరికి వచ్చేసరికి నిర్వచనానికి బదులు ఒక ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది. ఇక్కడితో ఆగాలి, దీన్ని ఇంకా విడదీయకూడదు అని దాని అర్థం. ముప్పై రకాల పొడవు ప్రమాణాలు ఉన్నాయనుకుంటే, జంటజంటకూ ఒక గుణకం రాసుకోవడానికి 435 గుణకాలు కావాలి. ఈ పద్ధతిలో 29 నిర్వచనాలు చాలు. పైగా 1959లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంతో 2.54 అనేది కొలిచి తెలుసుకున్న విలువ కాక, ఖచ్చితమైన నిర్వచనంగా స్థిరపడింది కనుక ఈ గొలుసులో ఏ లంకె దగ్గరా ఉజ్జాయింపు లేదు.

ఇలా చివరి దాకా విడదీసిన తరువాత ప్రతి రాశి దగ్గరా మిగిలేవి ఒక సంఖ్య, కొన్ని ఘాతాలు. వేగానికి మీటరు ఘాతం 1, సెకను ఘాతం −1. బలానికి కిలోగ్రాము 1, మీటరు 1, సెకను −2. శక్తికి కిలోగ్రాము 1, మీటరు 2, సెకను −2. రెండు రాశులను గుణించినప్పుడు ఘాతాలను కూడాలి, భాగించినప్పుడు తీసివేయాలి. మార్చమని అడిగిన రెండు రాశుల ఘాతాలు అన్నీ సరిపోతేనే ప్రోగ్రాము సంఖ్యల జోలికి వెళుతుంది. సరిపోకపోతే ఇవి పొసగవని చెప్పి, రెండింటినీ విడదీసిన రూపంలో చూపించి ఆగిపోతుంది. ప్రతి రాశికీ ఇటువంటి ఘాతాలు ఉంటాయనీ, సమీకరణంలోని పదాలన్నింటికీ అవి సమానంగా ఉండాలనీ 1822లో ఉష్ణవహనంపై వెలువరించిన గ్రంథంలో ఫ్రెంచి గణితవేత్త ఫూరియే స్పష్టంగా రాశాడు. ఇంత అందమైన భావాన్ని తరగతి గదుల్లో ‘మితి’ (ఈ ఘాతాల సమూహానికి పుస్తకాలలో ఉన్న పేరు) ఫార్ములాల జాబితాగా కంఠస్థం చేయించి వదిలేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. జాబితాను పక్కన పెట్టి పిల్లలకు ఈ ప్రోగ్రామును ఇచ్చి, అది ఎప్పుడు ఒప్పుకుంటుందో, ఎప్పుడు ఒప్పుకోదో వారినే కనిపెట్టమంటే ఆ పాఠం మనసులో నిలిచిపోతుంది.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఉదాహరణ వాహనం మైలేజీ. కొందరు దాన్ని లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని చెబుతారు, కొందరు వంద కిలోమీటర్లకు ఇన్ని లీటర్లు అని చెబుతారు. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే వాహనం వంద కిలోమీటర్లకు 5 లీటర్లు తాగుతుందని నోటి లెక్కతోనే చెప్పవచ్చు. అయితే ఘాతాలను చూడండి. లీటరు ఘనపరిమాణం కనుక దానిలో మీటరు ఘాతం 3, కిలోమీటరులో 1. కిలోమీటరును లీటరుతో భాగిస్తే మీటరు ఘాతం −2 అవుతుంది, లీటరును కిలోమీటరుతో భాగిస్తే +2 అవుతుంది. కచ్చితంగా చూస్తే ఈ రెండూ పొసగని రాశులే. కాని ఘాతాలు అన్నీ గుర్తు మాత్రమే తలకిందులై ఉన్నాయని ప్రోగ్రాము గమనించి, ఇది వ్యుత్క్రమ మార్పిడి అని ముందుగా హెచ్చరించి, ఆ తరువాత 5 అని జవాబిస్తుంది.

ఇక్కడ ఆగిపోకూడదు. మీటరు ఘాతం 2 ఉన్న రాశి వైశాల్యం కదా! అయితే వంద కిలోమీటర్లకు 5 లీటర్లు అన్నదాన్ని చదరపు మిల్లీమీటర్లలోకి మార్చమని అడగవచ్చు. ప్రోగ్రాము ఏ సంకోచమూ లేకుండా 0.05 అని చెబుతుంది. దేని వైశాల్యం అది? వాహనానికి ట్యాంకు లేదనీ, దానికి కావలసిన పెట్రోలు అంతా దారి పొడవునా సన్నని దారంలా పరిచి ఉందనీ, వాహనం ముందుకు వెళుతూ ఆ దారాన్ని పీల్చుకుంటోందనీ ఊహించండి. ఆ దారం అడ్డుకోత వైశాల్యమే 0.05 చదరపు మిల్లీమీటర్లు. గుండ్రటి దారమైతే వ్యాసం పావు మిల్లీమీటరు. నేను దీన్ని మొదటిసారి లెక్కకట్టినప్పుడు ఎక్కడో సున్నాలు తప్పాయనుకుని మళ్లీ చేశాను. తప్పలేదు.

ఈ దారాన్ని ఎటు లాగినా ఏదో ఒక రాశి తగులుతుంది. వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే సెకనుకు ఎంత ఘనపరిమాణమో వస్తుంది: గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళితే వాహనం సెకనుకు సరిగ్గా ఒక మిల్లీలీటరు పెట్రోలు ఖర్చు చేస్తోందన్నమాట. లీటరు పెట్రోలులో ఉండే శక్తి సుమారు 32 మెగాజౌళ్లు. శక్తిని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే ఘాతాలు పీడనానివి. పీడనాన్ని వైశాల్యంతో గుణిస్తే బలం రావాలి, వస్తుంది కూడా: 32 గిగాపాస్కళ్లను 0.05 చదరపు మిల్లీమీటర్లతో గుణిస్తే 1600 న్యూటన్లు. వాహనం వెళ్లే ప్రతి మీటరుకూ ఆ దారంలో 1600 జౌళ్ల శక్తి ఉందని దీని అర్థం. ఇంజను అందులో చాలా భాగాన్ని వేడిగా వదిలేస్తుంది; పావు వంతు చక్రాలకు చేరిందనుకుంటే, గాలి నిరోధాన్నీ టైర్ల రాపిడినీ ఎదుర్కోవడానికి వాహనాన్ని సగటున 400 న్యూటన్ల బలంతో నెట్టినట్లు లెక్క. రెండు ప్రమాణాల ఘాతాలను తీసివేయడంతో మొదలుపెట్టి రోడ్డు మీద పనిచేసే బలం దాకా వచ్చాం.

సగటు విషయంలో సాధారణంగా జరిగే పొరపాటు కూడా ఈ దారంతో తేటపడుతుంది. మొదటి వంద కిలోమీటర్లు లీటరుకు 10 చొప్పున, తరువాతి వంద కిలోమీటర్లు లీటరుకు 30 చొప్పున నడిస్తే సగటు 20 అని చాలామంది అంటారు. సగటు కట్టవలసింది దారాల మందానికి: 0.1, 0.033 చదరపు మిల్లీమీటర్ల సగటు 0.067, అంటే లీటరుకు 15 కిలోమీటర్లు. ఇక గాలన్లతో మైలేజీ చెప్పేవారి విషయంలో, అమెరికా గాలను 3.785 లీటర్లనీ, బ్రిటిషు గాలను 4.546 లీటర్లనీ గుర్తుంచుకుంటే చాలు. రెండింటికీ ఫైలులో వేరువేరు పేర్లు ఉన్నాయి.

రాసే తీరులో కొన్ని మెలికలు ఉన్నాయి. రెండు పేర్ల మధ్య ఖాళీ వదిలితే గుణకారమని అర్థం. ఆ గుణకారం భాగహారపు ఏటవాలు గీత కన్నా ముందు జరుగుతుంది. అందువల్ల ఒకటి, ఏటవాలు గీత, రెండు, ఖాళీ, మీటరు అని రాస్తే గ్నూ యూనిట్స్‌కు అది అర మీటరుగా అర్థం కాదు. ఒకటిని రెండు మీటర్లతో భాగించమన్నట్లు తీసుకుంటుంది, మీటరు ఘాతం −1 అవుతుంది. భిన్నాలకు నిలువు గీత వాడాలి. అలాగే ‘ఎం, ఐ, ఎన్’ అనే మూడు అక్షరాలను మిల్లీ అంగుళమని చదవడానికీ వీలుంది, నిమిషమని చదవడానికీ వీలుంది; ప్రోగ్రాము ముందు పూర్తి పేరు కోసం వెతికి, అది దొరకనప్పుడే ‘మిల్లీ’ వంటి ఉపసర్గను విడదీస్తుంది కనుక నిమిషమే గెలుస్తుంది.

ఉష్ణోగ్రత గుణకారానికి లొంగదు, ఎందుకంటే సెల్సియస్, ఫారెన్‌హీట్ మానాల సున్నాలు వేరువేరు చోట్ల ఉన్నాయి. థర్మామీటరు చూపే 30 డిగ్రీల సెల్సియస్ 86 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు సమానం. కాని ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే ఆ పెరుగుదల 54 డిగ్రీల ఫారెన్‌హీట్ మాత్రమే. భూగోళం 1.5 డిగ్రీలు వేడెక్కడం అంటే 2.7 డిగ్రీల ఫారెన్‌హీట్. 32 కలిపి 34.7 అనడం ఘోరమైన తప్పు. అందుకే ప్రోగ్రాములో తేడాకు ఒక ప్రమాణం, రీడింగుకు ఒక ప్రమేయం (సూత్రం) విడిగా ఉంటాయి. వాటిలో ఏది కావాలో మనమే చెప్పాలి.

ఘాతాలు పట్టుకోలేనివి కూడా ఉన్నాయి. బలభ్రామకానికీ (బలం దేన్నైనా తిప్పే ప్రభావానికి) శక్తికీ ఘాతాలు ఒకటే, పౌనఃపున్యానికీ రేడియోధార్మికతకూ ఒకటే. వాటిని కలిపేసినా ప్రోగ్రాము అడ్డు చెప్పదు. 1998 డిసెంబరు 11న బయలుదేరిన నాసా అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథను చాలామంది ఈ సందర్భంలో చెబుతారు కాని, దానిలోని కీలకాన్ని వదిలేస్తారు. దాని థ్రస్టర్ల (చిన్న ఇంజన్ల) ప్రచోదనాన్ని, అంటే బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చే రాశిని, భూమి మీది ఒక సాఫ్ట్‌వేరు పౌండుబలం-సెకన్లలో లెక్కించి ఇచ్చింది. పథాన్ని గణించే మరో సాఫ్ట్‌వేరు దాన్ని న్యూటన్-సెకన్లుగా తీసుకుంది. రెండింటి నిష్పత్తి 4.45. అంగారకుడికి 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్లవలసిన నౌక 1999 సెప్టెంబరు 23న దాదాపు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయి నాశనమైంది. ఈ రెండు ప్రమాణాల ఘాతాలూ ఒకటే: కిలోగ్రాము 1, మీటరు 1, సెకను −1. అంటే మితులను పోల్చి చూసినా తప్పు బయటపడేది కాదు. ఒక ప్రోగ్రాము నుంచి మరొక దానికి వెళ్లిన సంఖ్య తన ప్రమాణం పేరును వెంట తీసుకువెళ్లి ఉంటే మాత్రం, మార్పిడి ఒక్క పంక్తిలో జరిగిపోయేది.

తెర మీద ఎన్ని అంకెలు కనిపిస్తే అంత నిజం అనే నమ్మకం ఒకటి బలంగా వ్యాపించి ఉంది. ముహూర్తాల మీద ఉండే నమ్మకం కన్నా దీన్ని వదిలించడం కష్టమని నా అనుభవం. ‘దాదాపు పది మైళ్లు’ అన్న మాటను ప్రోగ్రాముకు ఇస్తే ‘దాదాపు’ అన్నది దానికి చేరదు, 16.09344 కిలోమీటర్లు అని ఐదు దశాంశ స్థానాలతో బయటికి వస్తుంది. మనిషి శరీర ఉష్ణోగ్రతగా అందరికీ తెలిసిన 98.6 కూడా ఇటువంటిదే. జర్మన్ వైద్యుడు వుండర్‌లిచ్ ఎందరో వ్యక్తుల ఉష్ణోగ్రతలను కొలిచి, 1868లో వెలువరించిన గ్రంథంలో సగటుగా చెప్పినది 37 డిగ్రీల సెల్సియస్. 37ను 9తో గుణించి 5తో భాగిస్తే 66.6, దానికి 32 కలిపితే 98.6. చివరి 6 థర్మామీటరులో కనిపించిన అంకె కాదు, గుణకారంలో పుట్టినది.