వాన కంటే ముందే కదిలే ధర

వాషింగ్టన్‌లో మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి, అక్కడి వేసవి నెలల్లో అయితే, మనకు రాత్రి తొమ్మిదిన్నర. ప్రతి నెలా ఒక రోజు సరిగ్గా ఆ సమయానికి అమెరికా వ్యవసాయ శాఖ ప్రపంచ పంటల అంచనాలను విడుదల చేస్తుంది. వాటిని సిద్ధం చేసే నిపుణులు అంతకు ముందు కొన్ని గంటలపాటు తాళం వేసిన విభాగంలో ఉంటారు. గుమ్మం దగ్గర కాపలా ఉంటుంది. ఫోన్లు బయటే వదిలేయాలి. కిటికీల తెరలు దించేస్తారు.

గోధుమలు, మొక్కజొన్నల లెక్కలకు ఇంత కట్టుదిట్టమా అనిపించవచ్చు. ఆ కిటికీ తెరలకు ఒక పాత కథ ఉంది. 1905లో ఇదే శాఖలో ఎడ్విన్ హోమ్స్ అనే గణాంక అధికారి పత్తి దిగుబడి అంచనాలను ముందుగానే వ్యాపారులకు చేరవేసేవాడు. కిటికీ తెరను పైకి లాగడం, కిందికి దించడం అతని సంకేతభాష. బయటి నుంచి చూసే మనిషికి అంకె పెరిగిందో తగ్గిందో తెలిసిపోయేది. పత్తి పొలాలు వందల మైళ్ల దూరంలో ఉన్నాయి. కొందరి చేతికి డబ్బు మాత్రం ఒక కిటికీ తెర కదలిక వల్ల వచ్చింది.

షికాగోలో ధాన్యం ధర ఎలా పుడుతుందో అర్థం చేసుకోవడానికి ఆ తెర కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ధాన్యం బేరాలు సాగే అక్కడి వ్యాపార సంస్థ, షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్, 1848 నుంచి ఉంది. అక్కడ చేతులు మారేవి ఎక్కువగా రేపటి పంటకు నేడు రాసుకునే ఒప్పందాలు. కాబట్టి కురిసిన వానకు వెల కట్టేవాళ్లు ఎవరూ ఉండరు. కురుస్తుందని అందరూ అనుకున్న వాన నిన్ననే ధరలో కలిసిపోయి ఉంటుంది. ఇవాళ ధరను కదిలించేది, అనుకున్నదానికీ తెలిసినదానికీ మధ్య తేడా మాత్రమే.

2025 ఆగస్టు 12 నాటి నివేదికే చూడండి. అమెరికా సోయాబీన్ దిగుబడి ఎకరానికి 53.6 బుషెళ్లని అందులో ఉంది. అది రికార్డు. బుషెల్ అంటే సోయాకు సుమారు 27 కిలోలు. రికార్డు దిగుబడి అన్నప్పుడు ధర పడాలి కదా, పెరిగింది. ఎందుకంటే అదే నివేదికలో సోయా సాగు విస్తీర్ణాన్ని ఏకంగా 25 లక్షల ఎకరాలు తగ్గించారు. అంత కోత పడుతుందని వ్యాపారులు ఊహించలేదు. ఆ ఎకరాలు పోయింది ఎక్కువగా మొక్కజొన్నకే. మొక్కజొన్న ధర అదే రోజు కుప్పకూలింది. మర్నాటి పత్రికల్లో ‘రికార్డు దిగుబడి ఉన్నా పెరిగిన సోయా’ వంటి శీర్షికలు వస్తే, ఆ ‘ఉన్నా’ అన్న మాటను చదివేవాళ్లు నమ్మకూడదు. దిగుబడి ఎంతో కొంత అందరూ ఊహించినదే. ఊహకు అందనిది విస్తీర్ణం.

మన రైతులు ‘ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి’ అంటారు. అమెరికా మధ్యరాష్ట్రాల్లో మొక్కజొన్నకు అలాంటి కీలకమైన రోజులు జూలైలో వస్తాయి. మొక్క తల మీద మగ పూత విచ్చుకుని పుప్పొడి రాలుస్తుంది. కింద కంకి చివర పీచు బయటికి వస్తుంది. ఆ పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజది. పుప్పొడి ఆ పోగును చేరకపోతే ఆ గింజ ఇక లేదు. ఈ ముచ్చటంతా వారం పది రోజుల్లో ముగిసిపోతుంది. ఎండ మండి నేల ఎండితే పీచు ఆలస్యంగా వస్తుంది. ఈలోగా పుప్పొడి అయిపోతుంది. ఆ తర్వాత ఎంత వాన కురిసినా కంకి బోసిగానే మిగులుతుంది. సోయా తీరు వేరు. వారాల తరబడి పూస్తుంది, వచ్చిన పూతలో సగానికి పైగా ఎలాగూ రాల్చేస్తుంది. జూలైలో దెబ్బతిన్నా ఆగస్టులో వాన పడితే తేరుకుంటుంది.

ఈ తేడా ఎంత ఖరీదైనదో 2012లో తెలిసింది. ఆ ఏడు అమెరికా రైతులు 1937 తర్వాత ఎన్నడూ లేనన్ని ఎకరాల్లో మొక్కజొన్న వేశారు. మే నెలలో ఎకరానికి 166 బుషెళ్లు వస్తాయన్నారు. ఆ లెక్కన పంట 1479 కోట్ల బుషెళ్లు. తర్వాత వానలు ముఖం చాటేశాయి. ఆ జూలై అప్పటికి ఆ దేశపు రికార్డుల్లో అత్యంత వేడి నెల. చివరికి ఎకరానికి 123 బుషెళ్లే చేతికి వచ్చాయి. జూన్ మధ్యలో ఐదు డాలర్ల చుట్టూ తిరిగిన బుషెల్ ధర ఆగస్టు 10న ఎనిమిది డాలర్లు దాటి అప్పటి రికార్డును తాకింది. దిగుబడిని బాగా తగ్గించిన నివేదిక వెలువడిన రోజది. అయితే అదే రోజు ముగింపుకు ధర వెనక్కి దిగింది. కోతలు ఇంకా ఊపందుకోలేదు, పంట పోవడం నిజమే, అయినా అమ్మకాలు మొదలయ్యాయి. చెడ్డ వార్త అప్పటికే పాతబడింది. సోయా సంగతి ఇంకో విధంగా నడిచింది. సెప్టెంబరు 4న అది కూడా రికార్డు ధర చూసింది. ఆగస్టు చివరి వానలు అప్పటికే పనిచేయడం మొదలుపెట్టాయి. ఆగస్టులో 36 అన్న దిగుబడి తుది లెక్కల్లో 40 దగ్గర తేలింది.

నాలుగో వంతు పంట పోతే ధర నాలుగో వంతే ఎందుకు పెరగదు? ఇది పాత ప్రశ్న. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో గ్రెగరీ కింగ్ పేరుతో ఒక లెక్క ఉంది: పంట పదో వంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుంది, సగం తగ్గితే నాలుగున్నర రెట్లు అదనంగా పెరుగుతుంది. అన్నం ధర పెరిగిందని ఎవరూ రెండు పూటల తిండిని ఒక పూటకు తగ్గించుకోలేరు కదా. అందువల్ల కొరతకు తగ్గట్టు ఎవరో ఒకరు తప్పుకునేదాకా ధర ఎక్కుతూనే ఉంటుంది. ఆ పెరుగుదలను ఆపేది గాదెలో మిగిలిన పాత ధాన్యం. అందుకే వ్యాపారులు వాతావరణం కంటే ముందు నిల్వలు చూస్తారు. గాదె నిండా ఉంటే కరువు కూడా రెండు రోజుల వార్తే. గాదె అడుగు కనిపిస్తుంటే పొడిగా గడిచిన ఒక వారమే మార్కెట్టును వణికిస్తుంది.

ఆర్థిక వార్తలు వచ్చేది ఇక్కడే. డాలరు బలపడితే ఇతర దేశాలకు అమెరికా ధాన్యం ఖరీదవుతుంది. బ్రెజిల్ రియాల్ బలహీనపడితే అక్కడి రైతుకు అదే డాలరు ధరకు ఎక్కువ రియాళ్లు వస్తాయి. అతను సరుకు బయటికి తీస్తాడు, షికాగోలో ధర కుంగుతుంది. అమెరికా మొక్కజొన్నలో సుమారు మూడో వంతు ఇథనాల్‌గా మారుతుంది కాబట్టి ముడిచమురు ధర కూడా ఇప్పుడు పొలం విషయమే. ఈ వార్తల్లో చాలావరకు ఒకటి రెండు రోజులు ఊపి వదిలేస్తాయి. ప్రభుత్వ ఉత్తర్వులు మాత్రం అలా వదలవు.

1972లో సోవియట్ యూనియన్‌లో పంటలు దెబ్బతిన్నాయి. వాళ్ల కొనుగోలుదారులు అమెరికా వచ్చి వేర్వేరు కంపెనీల నుంచి చడీచప్పుడు లేకుండా కోటి టన్నులకు పైగా గోధుమలు కొన్నారు. ఎంత కొన్నారో ఏ కంపెనీకీ పూర్తిగా తెలియదు. అమెరికా ప్రభుత్వం ఆ ఎగుమతులకు రాయితీ కూడా ఇచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో ఉపగ్రహాలతో పంటలను చూసే ప్రయత్నాలు మొదలవడానికి ఆ అవమానం ఒక కారణం.

అదే కాలంలో పెరూ తీరంలో సముద్రపు నీరు వేడెక్కే ఎల్ నినో వచ్చింది. చల్లని నీళ్లలో బతికే ఆంచొవెటా అనే చిన్న చేపలు మాయమయ్యాయి. 1970లో కోటీ ఇరవై లక్షల టన్నుల దాకా పట్టిన ఆ చేప 1973 నాటికి ఇరవై లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. ఆ చేపల పొడి కోళ్లకు, పందులకు మేత. అది లేకపోయేసరికి మేత తయారీదారులు సోయా పిండి వెంట పడ్డారు. ధర ఆకాశాన్నంటింది. 1973 జూన్ 27న అమెరికాలో నిక్సన్ ప్రభుత్వం సోయా ఎగుమతులను ఆపేసింది. ఆ నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు కానీ, సోయాతో చేసే తోఫూ, మిసో లేనిదే భోజనం సాగని జపాన్ ఆ దెబ్బను మరచిపోలేదు. అప్పట్లో దాని సోయా దిగుమతుల్లో సుమారు తొంభై శాతం అమెరికావే. ఇంకో దారి కోసం వెతికి 1979 నుంచి బ్రెజిల్ సెరాడో భూముల అభివృద్ధిలో డబ్బు పెట్టింది. ఆమ్లం నిండిన ఆ ఎర్రనేలలకు సున్నం వేసి, ఉష్ణమండలానికి సరిపడే సోయా రకాలను బ్రెజిల్ శాస్త్రజ్ఞులు తయారుచేశారు. ఇవాళ ప్రపంచంలో సోయా అత్యధికంగా పండించేదీ, ఎగుమతి చేసేదీ బ్రెజిలే. 2018 జూలైలో అమెరికా సోయాపై చైనా 25 శాతం సుంకం వేసినప్పుడు చైనాకు సరుకు ఇవ్వడానికి బ్రెజిల్ సిద్ధంగా ఉంది. షికాగో ధర దాదాపు పదేళ్ల కనిష్ఠానికి పడింది. ఆ ఏడు అమెరికాలో పంట బాగా పండింది, వానలకు లోటు లేదు.

మనమూ ఇలాంటి ఉత్తర్వులు ఇచ్చినవాళ్లమే. ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం భారత్‌ది. 2023 జూన్‌లో ఎల్ నినో మొదలైందన్న ప్రకటన వచ్చింది. జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వార్తకు అమెరికాలోని తెలుగువాళ్లు ఎలా స్పందించారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భారతీయ దుకాణాల ముందు బారులు తీరి సోనా మసూరి బస్తాలు కార్లలోకి ఎక్కించారు. దుకాణంలో ఆ రోజు బియ్యం కొరత లేదు, ఎదురుగా బస్తాలున్నాయి. రేపు ఉండవన్న ఊహ వాటిని ఖాళీ చేసింది. షికాగో బేరగాడు చేసేది సరిగ్గా ఇదే. కాకపోతే అతను బస్తా ఇంటికి మోయడు. ఆ ఆగస్టు మన దేశంలో 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. అంటే భయం ఉత్తదేమీ కాదు.

అన్నిటికంటే చిత్రమైనది పామాయిల్. ఆయిల్ పామ్ చెట్టుకు నీరు చాలకపోతే ఆ దెబ్బ వెంటనే కనిపించదు. గెల కోతకు సుమారు రెండేళ్ల ముందే, అది మగ పూత కావాలా ఆడ పూత కావాలా అన్నది చెట్టు లోపల తేలిపోతుంది. కరువులో మగ పూతలు ఎక్కువవుతాయి, గెల కట్టేవి తగ్గుతాయి. కాబట్టి సుమత్రాలో ఎండ కాసిన ఏడాది మిల్లుల దగ్గర గెలలు మామూలుగానే కనిపిస్తాయి, కొరత తర్వాత బయటపడుతుంది. ఇంతలో ఇండోనేషియా డీజిల్‌లో కలిపే పామాయిల్ వాటాను పెంచవచ్చు. 2022 ఏప్రిల్ 28న చేసినట్టు ఎగుమతులే ఆపేయవచ్చు. అప్పటి నిషేధం మే 23న ఎత్తేశారు.

అశ్వారావుపేటలోనో ఏలూరు జిల్లాలోనో గెలలు కోసి ఫ్యాక్టరీకి తోలే రైతుకు టన్నుకు వచ్చే ధర ముడి పామాయిల్ ధరను బట్టి లెక్క కడతారు. ఆ ధర పామాయిల్ బేరాలు సాగే కౌలాలంపూర్ వైపు చూస్తుంది, తర్వాత ఢిల్లీ వైపు. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెలపై మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. 2025 మే 30న దాన్ని 10కి తగ్గించారు. ఆ రెండు తేదీల మధ్య ఆ తోటల్లో పడిన వానల లెక్కతో ఈ రెండు నిర్ణయాలకూ సంబంధం లేదు. కానీ సుంకం తగ్గాక గెలల బండి కాటా దగ్గరికి వెళ్లిన రైతు ముందుగా అడిగిన మాట, ఈ నెల రేటు ఎంత కట్టారనే.