చెరువుకు చేరే మందు

హనుమకొండ

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో మీరు తేదీ దాటిన యాంటీబయాటిక్ సీసాను సింకులో ఒంపబోతుంటే నేను చేయి పట్టుకుని ఆపాను. ఎందుకని అడిగారు కానీ, బస్సు వేళ కావడంతో చెప్పలేకపోయాను.

మనం మింగిన మందంతా ఒంట్లోనే ఖర్చు కాదు. కొంత మూత్రంతో బయటపడి, మోరీల గుండా వాగులకు, చెరువులకు చేరుతుంది. మురుగునీటి శుద్ధి కేంద్రాలను మందుల కోసం కట్టలేదు కనుక చాలా మందులు వాటిని దాటి వచ్చేస్తాయి. మందుల ఫ్యాక్టరీలున్న చోట పరిస్థితి మరీ ఘోరం. పటాన్‌చెరు వద్ద శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్లు 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

ఇక ఆ నీటిలో బతికే చేపల సంగతి. బతికున్న కొర్రమీను చేతిలోంచి ఎలా జారిపోతుందో మీకు తెలుసు. ఆ జిగురే దానికి కవచం. అందులో కాపురముండే మేలుచేసే సూక్ష్మజీవులు రోగకారక క్రిములకు చోటివ్వవు. నీటిలోని యాంటీబయాటిక్ ఆ మేలుచేసే జీవులను దెబ్బతీసినప్పుడు మందుకు లొంగని క్రిములు మిగిలి పెరుగుతాయి, ఆపైన వల రాపిడికో చేప పేను కాటుకో చర్మం గీరుకుంటే ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా అక్కడ చొరబడుతుంది. నిరుడు చలికాలంలో మన చెరువుగట్టున ఒక చేపను చూశాను: పొలుసులూడి, రూపాయి బిళ్లంత ఎర్రటి పుండు, అంచున తెల్లని చర్మం. దానికి మందులే కారణమని నేననను, చలికి, బురదకు, బూజుకు కూడా పుండ్లు పడతాయి. అయితే కవచం పలచబడిన చేపకు వాటిని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ట్రౌట్ చేపల మొప్పలను, మూత్రపిండాలను పాడుచేసినట్లు ప్రయోగాల్లో తేలింది. చేపకు ఎముకల్లో మూలుగ లేదు, రక్తకణాలు ప్రధానంగా తయారయ్యేది మూత్రపిండం ముందు భాగంలో. కనుక ఆ అవయవానికి చేటు జరిగితే రోగంతో పోరాడే బలగానికే ముప్పు.

మందుల ప్రభావం ఎప్పుడూ ఒకే దిక్కున నడవదు. పశువులకిచ్చే ఐవర్‌మెక్టిన్ వంటి నట్టల మందు పేడతో నీటిలో కలిస్తే చేప పేనుకు కూడా హాని చేయవచ్చు. కానీ అదే మందు చేపపిల్లలు తినే డాఫ్నియా అనే చిన్న నీటిపురుగులను అతి తక్కువ మోతాదులోనే చంపుతుంది, అప్పుడు ఆకలితో బక్కచిక్కిన పిల్లలు ఏ రోగానికైనా సులువుగా లొంగిపోతాయి.

ఆ సీసా ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. రేపు చెత్తబండి వచ్చినప్పుడు, హానికర చెత్త కింద వేరుగా ఇస్తాను.

మీ తాతయ్య