అన్ని మీడియాల్లో బొమ్మలు వేసేవాడికి ఏదీ పూర్తిగా రాదా?

నేను ఆయిల్ పెయింటింగ్ చేస్తాను, స్క్రీన్ ప్రింట్లు (జాలీ గుడ్డలోంచి రంగు దించే అచ్చులు) తీస్తాను, గోడ మీద బొమ్మ వేసే పని వస్తే వదలను. "ఏదో ఒకదాని మీద నిలబడొచ్చుగా" అని చుట్టాలే కాదు, తోటి ఆర్టిస్టులూ అంటుంటారు. వాళ్లకి నేను ఫ్రాంక్ రొమేరో సంగతి చెబుతాను. 1941లో తూర్పు లాస్ ఏంజెలిస్‌లో పుట్టిన మెక్సికన్ అమెరికన్ చిత్రకారుడాయన.

అపోహ: మీడియం, అంటే బొమ్మ వేసే సాధనం, మార్చేవాడికి నిలకడ ఉండదు.

వాస్తవం: రొమేరో కాన్వాసు, గోడ, సెరామిక్, ప్రింట్లు, నియాన్ దీపాల గొట్టాలు అన్నీ చేశారు. బొమ్మలు మాత్రం అవే: పాత కార్లు, గుండెలు, పామ్ చెట్లు, తన ఊరి రోడ్లు. అదే కారు ఫ్రీవే (పెద్ద హైవే) గోడ మీదికి వెళ్తే ఆకారం పెద్దగా, తేలిగ్గా ఉండాలి. డ్రైవింగ్‌లో ఉన్నవాడు దాన్ని చూసేది రెండు మూడు సెకన్లే. సెరామిక్‌లో గ్లేజు (మెరుపు పూత) పూసినప్పుడు ఒక రంగు, బట్టీలోంచి తీశాక ఇంకో రంగు. నియాన్ మరీ మొండిది. గొట్టంలో అసలు నియాన్ వాయువుంటే వచ్చేది ఎరుపు-నారింజ వెలుగే. నీలం కావాలంటే ఆర్గాన్, కాస్త పాదరసం కావాలి. పాలెట్ మీద కలుపుకున్నట్టు కుదరదు. ఇలాంటి ఇబ్బందులు పడ్డ చెయ్యి మళ్లీ కాన్వాసు దగ్గరికొస్తే గీత మారుతుంది. స్క్రీన్ ప్రింట్‌లో ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీన్ కట్టాలి. ఐదు రంగులతో సరిపెట్టుకోవడం అలవాటయ్యాకే నా ఆయిల్ బొమ్మల్లో గందరగోళం తగ్గింది.

అపోహ: చికానో ఆర్ట్ అంటే గోడ బొమ్మలే.

వాస్తవం: తమ హక్కుల కోసం పోరాడిన మెక్సికన్ అమెరికన్లు పెట్టుకున్న పేరు చికానో. రొమేరో, కార్లోస్ అల్మరాజ్, గిల్బర్ట్ లుహాన్, బెటో డి లా రోచా కలిసి 'లాస్ ఫోర్' అనే బృందం కట్టారు. 1974లో వీళ్ల ప్రదర్శన లాస్ ఏంజెలిస్ కౌంటీ మ్యూజియంలో జరిగింది. రొమేరో బొమ్మల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది కూడా గోడ మీది బొమ్మ కాదు, 1986 నాటి ఆయిల్ పెయింటింగ్ 'డెత్ ఆఫ్ రూబెన్ సలజార్'. వెడల్పు సుమారు 10 అడుగులు. 1970 ఆగస్టు 29న, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా చికానోలు ఊరేగింపు చేసిన రోజు, షెరీఫ్ డిప్యూటీ (అక్కడి పోలీసు) కాల్చిన టియర్ గ్యాస్ గుండు తగిలి పాత్రికేయుడు సలజార్ ఒక బార్‌లో చనిపోయాడు. విషయం చావు, రంగులేమో తిరనాళ్లలా ఉంటాయి. ఆ తేడాకే ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడది స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది.

అపోహ: జీతానికి డిజైన్ పని చేస్తే ఆర్టిస్టు పాడైపోతాడు.

వాస్తవం: రొమేరో, పేరుమోసిన అమెరికన్ ఫర్నిచర్ డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతుల ఆఫీసులో పనిచేశారు. ఏం పాడయ్యారు?

అపోహ: గోడ మీద వేస్తే శాశ్వతం.

వాస్తవం: అన్నిటికన్నా ముందు పోయేదే అది. 1984 ఒలింపిక్స్ కోసం రొమేరో ఫ్రీవే పక్కన వేసిన 'గోయింగ్ టు ది ఒలింపిక్స్' మీద ముందు గ్రాఫిటీ (ఎవరో గీసిన పిచ్చి రాతలు) పడింది, తర్వాత బూడిదరంగు పూత పడింది. ఆనక బాగుచేశారనుకోండి. నేనైతే ఇప్పుడు గోడ పని ఒప్పుకునే ముందే మెయింటెనెన్స్ ఎవరిదో కాగితం మీద రాయించుకుంటున్నాను. ఒకసారి మొహమాటపడి ఊరుకుంటే, ఆరు నెలలు తిరక్కుండానే నా బొమ్మ మీద కోచింగ్ సెంటర్ ప్రకటన వెలిసింది.