నది రంగు ఎందుకు మారుతుంది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వానలు మొదలవగానే నది ఎందుకు బురదగా మారుతుందని అడిగారు. ఆ రంగు నీటిది కాదు, మట్టిది. ఎగువన ఎక్కడో వాలు మీది పైమట్టి కొట్టుకొస్తోందన్నమాట. నది అనగానే మనకు రెండు గట్ల మధ్య పారే నీరే గుర్తొస్తుంది. కానీ ఎక్కడెక్కడ పడిన వాన ఆ నదిలో కలుస్తుందో ఆ కొండలు, చేలు, ఊళ్లు, బీళ్లు అన్నీ దాని పరీవాహక ప్రాంతమే.

ఆ ప్రాంతంలోని నేలను ఎలా వాడుతున్నామో దాన్ని బట్టే నదిలోకి ఎంత మట్టి చేరేదీ ఉంటుంది. అయితే అన్ని నేలలూ ఒకే పనికి సరిపోవు. మట్టి లోతెంత, వాలెంత, నీరు నిలుస్తుందా జారిపోతుందా, రాళ్లున్నాయా, వానలెలా పడతాయి అనేవి చూసి నేల సత్తాను అంచనా వేస్తారు. అమెరికా వ్యవసాయ శాఖ 1961లో ఇందుకోసం 8 తరగతుల పద్ధతిని అచ్చువేసింది. మొదటి నాలుగూ దున్ని పంట వేయదగ్గవి. అయితే నాలుగుకు వచ్చేసరికి జాగ్రత్తలు చాలా పెరుగుతాయి. ఐదు, ఆరు, ఏడు పచ్చికకు, అడవికి. ఎనిమిదో తరగతిని పంటకూ కలపకూ వాడకుండా వదిలేయాలి.

ఐదో తరగతి దగ్గర చాలామంది తికమకపడతారు. అది దాదాపు చదునుగానే ఉంటుంది, మట్టి కొట్టుకుపోయే భయం తక్కువ. మరి ఎందుకు దున్నకూడదు? తరచూ వరద ముంచెత్తుతుంది, లేదా ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, లేదా నిండా రాళ్లుంటాయి. కంటికి బాగున్నంత మాత్రాన సరిపోదు. నది పొంగినప్పుడు నీరు పరుచుకునే చోటు చాలాసార్లు ఇలాంటిదే. దాన్ని మెరక చేసి ఇళ్లు కడితే, అక్కడ నిలవాల్సిన నీరు పక్కవాళ్ల మీదికి, దిగువ ఊళ్ల మీదికి పోతుంది.

వాలు సంగతి ఇంకా ముఖ్యం. ఆకులు, గడ్డి కప్పిన వాలు మీద చినుకు మెత్తగా దిగుతుంది, నీరు మెల్లగా ఇంకుతుంది. అదే వాలును నిలువునా దున్నితే చాళ్లే కాలువలవుతాయి. నీరు వేగం అందుకుని మట్టిని మోసుకుపోతుంది. ఆ మట్టి దిగువన జలాశయంలో పూడికవుతుంది. పైన రైతు నష్టపోయాడు, కింద నీరు నిలవడానికి చోటు తగ్గింది. ఒక్క సెంటీమీటరు పైమట్టి తయారవడానికి వందేళ్లు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. అది ఒక్క గట్టి వానకే పోతుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

ఈ పొరపాటు పెద్ద ఎత్తున జరిగింది కూడా. అమెరికా మధ్య మైదానాల్లో గడ్డి నేలలను గోధుమ కోసం విపరీతంగా దున్నేశారు. 1930లలో కరువొచ్చేసరికి పట్టి ఉంచే వేళ్లు లేక ఆ మట్టి దుమ్ము తుపానులై లేచింది. 1935లో అక్కడి ప్రభుత్వం నేల సంరక్షణకు ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. చైనాలో పసుపు నదికి ఆ రంగు ఇచ్చేది లోయెస్ (గాలి మోసుకొచ్చి పోసిన మెత్తని మట్టి) పీఠభూమి మట్టి. 1999లో ఆ దేశం ఏటవాలు పొలాలను, ముఖ్యంగా 25 డిగ్రీలు దాటిన వాటిని, మళ్లీ చెట్లకూ గడ్డికీ మార్చే పథకం మొదలుపెట్టింది. దున్నడం మానుకున్న రైతులకు ధాన్యం, డబ్బు ఇచ్చింది. అది న్యాయం. కింద ఉన్నవాళ్ల మేలు కోసం పైనున్న రైతును ఉత్త చేతులతో పంపకూడదు కదా.

ఎనిమిదో తరగతి నేలను ‘పనికిరాని భూమి’ అంటే నేను ఒప్పుకోను. అందులోని రాతి గుట్ట, చిత్తడి పక్షులకు ఇల్లు. ఆ చిత్తడే వరద నీటిని కొంత తనలో దాచుకుంటుంది. ఇంకో మాట: ఇంటికి కావలసింది గట్టి నేల, సారం కాదు. అయినా సారవంతమైన ఒండ్రు నేలల మీదే నగరాలు పరుచుకుంటున్నాయి.

ఈసారి వాన వెలిశాక పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి, వాగులోకి మాత్రం దిగొద్దు. చెట్ల మధ్య నుంచి వచ్చే నీరు ఒక గాజు సీసాలో, దున్నిన వాలు నుంచి వచ్చే నీరు ఇంకో సీసాలో పట్టండి. రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున ఎంత మట్టి పేరుకుందో స్కేలుతో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య