కోపం ఎక్కడినుంచి వస్తుంది? ఆటిజం పిల్లలు, బొమ్మల పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

మా దగ్గరికి వచ్చే ఆరేళ్ళ బాబు ఒకడు, వాళ్ళమ్మ "నాకు కోపం వస్తాంది చూడు" అన్నప్పుడల్లా వాకిలి వైపు చూసేవాడు. వచ్చేది ఏదైనా వాకిట్లోంచే కదా రావాలి! వీడు లెక్కచేయడం లేదని ఆమె ఇంకా గట్టిగా అరిచేది. ఆ ఇంట్లో ఆమె మాటను అంత శ్రద్ధగా వినేవాళ్ళు ఇంకెవరూ లేరని నాకు తర్వాత అర్థమైంది.

అనంతపురంలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మన తెలుగులో కోపం వస్తుంది, భయం వేస్తుంది, దిగులు పట్టుకుంటుంది, ఒళ్ళు మండుతుంది, గుండె జారుతుంది. మనసు గురించి ఏం చెప్పబోయినా సగం మాటలు జాతీయాలే. ముందు భావాలు నేర్పుదాం, జాతీయాల సంగతి తర్వాత చూద్దాం అంటే మన భాషలో కుదరదు. అందుకే రెండూ కలిపి బొమ్మల పుస్తకాలతో నేర్పుతాం. ఆ పుస్తకాల విషయంలో తల్లిదండ్రుల దగ్గర, టీచర్ల దగ్గర నేను తరచూ వినే అపోహలు కొన్ని చెబుతాను.

అపోహ: ఆటిజం ఉన్న పిల్లలకు ప్రేమ, బాధ లాంటివి ఉండవు. పుస్తకాలతో నేర్పాలి.

ఉంటాయి. చాలామందికి కష్టమయ్యేది లోపల జరుగుతున్నదాన్ని గుర్తుపట్టి దానికో పేరు పెట్టడం. ఈ ఇబ్బందిని అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఇది ఉంటుందని పరిశోధనల అంచనా. ఆటిజం లేనివాళ్ళలోనూ కొందరికి ఉంటుంది. బడి బస్సు కనబడగానే "కడుపునొప్పి" అనే పిల్లవాడు నాటకం ఆడుతున్నాడని అనుకోవద్దు. వాడికి భయం తెలిసేది కడుపులోనే.

తనకే ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో ఒక మాట అన్నారు: అర్థం చేసుకోలేకపోవడం ఆటిజం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు రెండువైపులా ఉంటుందని. కొన్న పుస్తకాల్లో సంతోషం అంటే పళ్ళు కనబడేలా నవ్వే ముఖమే. ఒక పాపకు సంతోషం వస్తే మునివేళ్ళ మీద లేచి చేతులు టపటపా ఆడిస్తుంది. అదే ఫొటో తీసి, కింద "పాపకు సంతోషం వచ్చింది" అని రాసి పుస్తకంలో అతికించాం. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం వాళ్ళవ్వ కోసం చేసింది. చేతులు ఆడిస్తే చాలు ఆమె పట్టుకుని ఆపేసేది మరి.

అపోహ: నవ్వు, ఏడుపు, కోపం ముఖాల చార్టు గోడకు తగిలిస్తే చాలు.

చార్టులో ముఖాలకు పేర్లు చెప్పడం చాలామంది పిల్లలు తొందరగానే నేర్చుకుంటారు. ఆ తర్వాత ఏ పెళ్ళికో తీసుకెళ్తే, అప్పగింతల దగ్గర అందరూ ఏడుస్తుంటే "ఎవరు కొట్టినారు?" అని అడుగుతారు. కొత్త చీరలు, పూలు, విందు, మధ్యలో ఈ ఏడుపేమిటి? ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరగబోతోంది అన్నది తెలియకపోతే ముఖం ఒక్కటీ చూసి మనకైనా ఏం తెలుస్తుంది? పుస్తకంలో పేజీ తిప్పవచ్చు, వెనక్కి కూడా తిప్పవచ్చు. చార్టుతో ఆ వీలు లేదు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఆడించేటప్పుడు ఆ బొమ్మ ముఖం మారదు. గొంతు, చేతుల ఊపు, అప్పటిదాకా నడిచిన కథ, వీటివల్లే అది కోపమో దుఃఖమో మనకు తెలుస్తుంది. ఎదుటివాళ్ళ ముఖంలోకి చూడటం ఇబ్బందిగా ఉండే పిల్లలకు బొమ్మ చూపిస్తూ నేను "ముఖం చూడు" అనను. "వాడి చేతులు ఏం చేస్తున్నాయి?" అని అడుగుతాను.

అపోహ: వీళ్ళకు జాతీయాలు ఎక్కవు. ఇంట్లో అన్నీ సూటిగానే మాట్లాడాలి.

నాన్న "ఒళ్ళు మండుతాంది" అంటే పరిగెత్తుకెళ్ళి చెంబుడు నీళ్ళు తెచ్చి పోసిన పాప ఉంది. ఇలాంటివి విని, ఈ పిల్లల బుర్ర అంతే అనుకుంటారు.

1943లో ఆటిజాన్ని వివరంగా వర్ణించిన అమెరికా మానసిక వైద్యుడు లియో కానర్, 1946లో ఈ పిల్లల మాటల గురించే ఒక వ్యాసం రాశారు. అందులో ఒక బాబు సంగతి ఉంది. వాడికి రెండేళ్ళప్పుడు వాళ్ళమ్మ వంటింట్లో పీటర్ అనేవాడి మీద పిల్లల పాట ఒకటి చెబుతూ గిన్నె జారవిడిచింది. అప్పటినుంచి గిన్నెలాంటిది ఏది కనబడినా వాడు "పీటర్ ఈటర్" అనేవాడు. ఆ రోజు సంగతి తెలియనివాళ్ళకు అది పిచ్చిమాట. మా దగ్గర ఒకడు భయం వేసినప్పుడల్లా "గుడ్డలు తీ, గుడ్డలు తీ" అంటాడు. ఉరుములొచ్చిన ఒక సాయంత్రం వాళ్ళవ్వ మిద్దె మీదినుంచి అరిచిన మాట అది. గుండె జారిందని మనం అనడానికీ, వాడు ఇలా అనడానికీ పెద్ద తేడా ఏముంది? మన మాట ఊరందరికీ తెలుసు, వాడిది వాళ్ళింట్లోవాళ్ళకే తెలుసు.

జాతీయాల మీద పరిశోధకురాలు కోర్టనే నార్బరీ 2004లో చేసిన అధ్యయనంలో, ఆటిజం ఉందా లేదా అనేదానికంటే పిల్లల భాష ఎంత గట్టిగా ఉందనేదే ఎక్కువ తేడా చూపింది. జాతీయాన్ని విడిగా అడిగితే తెలియని పిల్లలకు, కథలో పెట్టి చెబితే మెరుగ్గా అర్థమైంది. బొమ్మల పుస్తకం పనికొచ్చేది ఇక్కడే.

అయితే ఇందులో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. "కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయి" అనే మాటకు సరదాగా ఉంటుందని, పొట్టలో నాలుగు ఎలుకలు పరుగులు తీస్తున్న బొమ్మ గీశాను. ఆ బాబు రెండు రోజులు అన్నం ముట్టలేదు. తింటే ఎలుకలు లావవుతాయని వాడి భయం. ఇప్పుడు వరస మార్చాను. మొదటి పేజీలో గడియారం, ఖాళీ కంచం, వంటింటి వైపు చూస్తున్న పిల్లవాడు. రెండో పేజీలో వాడు ఆ మాట అంటాడు. మూడో పేజీలో "అంటే, బాగా ఆకలి" అని రాసి, సంగటి ముద్ద బొమ్మ. ఎలుకల బొమ్మ చివర్లో, అదీ నవ్వుకోగలిగే పిల్లలకే.

ఏ జాతీయాలు ఎంచుకోవాలి? పరీక్షలో వచ్చేవి వద్దు. భగీరథ ప్రయత్నం తెలియకపోయినా రోజు గడుస్తుంది, "తల తినాకు" తెలియకపోతే గడవదు. ఒక్కోసారి ఒక్కటే తీసుకుని, రెండు వారాలు ఇంట్లో అందరూ సందర్భం వచ్చినప్పుడల్లా వాడాలి. రెండు అర్థాలున్న మాటలకు రెండు కథలు కావాలి: కడుపుమంట ఒక రోజు మిరపకాయ బజ్జీ వల్ల, ఇంకో రోజు పక్కింటోళ్ళ కొత్త కారు వల్ల. "కాళ్ళు ఇరగ్గొడతా" అనే మాటకు మాత్రం పుస్తకం చేయమని నన్ను అడగొద్దు. ఆ మాట మీరే మానేయండి.

అపోహ: సోషల్ స్టోరీ అంటే బుద్ధులు చెప్పే కథ.

ఒక సందర్భంలో ఏం జరుగుతుందో పిల్లలకు వివరించే చిన్న కథను సోషల్ స్టోరీ అంటారు. 1990ల మొదట్లో ఈ పద్ధతి తెచ్చిన అమెరికా టీచర్ కెరోల్ గ్రే పెట్టిన నియమం దీనికి సరిగ్గా ఎదురు. ఇలా చేయి అని చెప్పే వాక్యం ఒకటి ఉంటే, వివరించే వాక్యాలు కనీసం రెండు ఉండాలి. "కరెంటు పోతే ఫ్యాను ఆగిపోతుంది. చాలామందికి చిరాకు వేస్తుంది. కొన్నిసార్లు తొందరగా వస్తుంది, కొన్నిసార్లు ఆలస్యమవుతుంది. నేను విసనకర్ర తీసుకోవచ్చు." ఇంతే. "అరవకూడదు, మంచి పిల్లలు అరవరు" అని చేర్చారంటే అది తిట్టే అవుతుంది.

అపోహ: ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడాలి, ఇంగ్లీషు పుస్తకాలే చదవాలి.

రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. అవ్వ ఉర్దూలోనో, రాయదుర్గం వైపైతే కన్నడంలోనో ముద్దు చేస్తుంటే ఆపకండి. భావాల మాటలు పిల్లలు ముందు వినేది అక్కడే. తెలుగులో పుస్తకాలు దొరకవని కూడా అంటారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. గీసినవాళ్ళ పేరు అలాగే ఉంచి, ఆ బొమ్మలతో మీ పిల్లవాడికి తగ్గ కథ రాసుకోవచ్చు.

మాటలు రాని పిల్లలకు పుస్తకం ఎందుకని కూడా అడుగుతారు. వేలు పెట్టి చూపించడం కూడా చెప్పడమే. బొమ్మలతో చెప్పడం అలవాటైతే మాట రాదనే భయానికి ఆధారం లేదు. అదే పుస్తకం వందసార్లు అడుగుతున్నాడంటే వందసార్లూ చదవండి, మీకు విసుగొస్తే పక్కవాళ్ళకు ఇవ్వండి.

ఇంట్లో చేసుకునేవాళ్ళకు ఒక చిన్న సంగతి. జిరాక్సు షాపులో లామినేషన్ చేయిస్తే పేజీ చిరగదు కానీ, ట్యూబులైటు కింద ఆ మెరుపు కొందరు పిల్లలకు కళ్ళలో గుచ్చుకుంటుంది. మేము ఫొటోల పాత ఆల్బం వాడుతున్నాం. కథ మారితే పేజీ తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు.